చెక్క కొనాలా... చెట్టు నాటాలా?

మటన్ ధర గురించి మాట్లాడనివాళ్లు లేరు. మేక ఏం తిని ఆ మటన్ అవుతుందో మాట్లాడేవాళ్లు తక్కువ. జంగారెడ్డిగూడెం మెట్టలో మాత్రం మేకలున్న ప్రతి ఇంటా అదే లెక్క నడుస్తోంది.

తెల్లవారుజామున జంగారెడ్డిగూడెం నుంచి బుట్టాయగూడెం వెళ్లే దారి. రెండు వైపులా ఆయిల్‌పామ్ తోటలు. మట్టలు ఒకదాన్నొకటి కమ్ముకుని కింద ఇంకా చీకటిగానే ఉంది. ఆ దారిలో టీవీఎస్ మోపెడ్ ఒకటి వస్తోంది. బండి కనబడదు, నడిపే మనిషి సగమే కనబడతాడు. వెనక కట్టిన సుబాబుల్ రొట్ట రోడ్డు మీద ఈ పక్కకీ ఆ పక్కకీ ఊగుతోంది. పక్కన కట్టిన దోటి చివర కొడవలి మెరుస్తోంది.

ఇంటి ముందు బండి ఆగేసరికి దొడ్డిలో మేకలన్నీ ఒక్కసారి లేచాయి. తడికకు ముందుకాళ్లు ఆనించి మెడలు చాచాయి. కట్టు విప్పకముందే ఒక చూడిమేక ఆకు లాగేస్తోంది. కాసేపటికి పుల్లలు మిగిలాయి, అవి పొయ్యి దగ్గరకు పోయాయి. అప్పుడు ఇంటావిడ దాణా డబ్బా మూత తీసింది. తవుడులో గుప్పెడు వేరుశనగ చెక్క కలిపి, పిల్లలకు పాలిచ్చే రెండు తల్లిమేకల ముందు పెట్టింది. ఎదిగే పోతుపిల్లలు తలలు దూర్చబోతే తోసేసింది. వాటికి ఆకుతోనే సరి. అందరికీ పెట్టేంత చెక్క సంచిలో లేదు.

ఆ గుప్పెడు ఎవరికి పెట్టాలి, ఎవరికి మానాలి అన్న నిర్ణయంలోనే మేకల పెంపకం ఆర్థికమంతా ఉంది. ఎందుకంటే ఆ గుప్పెడులో ఉన్నది మాంసకృత్తులు. రైతులిప్పుడు ప్రోటీన్ అనే అంటున్నారు. మేత కడుపు నింపుతుంది, కండ పెంచేది ప్రోటీన్.

కోడి మానేసిన వారాల్లో

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. గోదావరి జిల్లాల్లో చికెన్ కొట్లు బోసిపోయాయి. ఆదివారం జనమంతా మటన్ కొట్ల దగ్గర, చేపల దగ్గర నిలబడ్డారు. చికెన్ మళ్లీ గిరాకీ అందుకున్నా, మేకల మీద పుట్టిన ఆశ మాత్రం తగ్గలేదు. ఉద్యోగం మానేసి వచ్చిన కుర్రాళ్లు, పొగాకు మీద నమ్మకం సడలిన రైతులు మేకల షెడ్డు గురించి అడగడం మొదలుపెట్టారు.

దానికి ముందే ప్రభుత్వం దారి వేసింది. జాతీయ పశుగణ మిషన్‌ను 2021లో మార్చినప్పుడు గొర్రెలు, మేకల యూనిట్లకు పెట్టుబడిలో సగం రాయితీ ప్రకటించారు. 500 ఆడవి, 25 పోతులున్న పెద్ద యూనిట్‌కు ఆ రాయితీ 50 లక్షల రూపాయల దాకా వస్తుంది. తర్వాత వంద ఆడవాటికి 5 పోతుల చిన్న యూనిట్ దాకా పథకాన్ని దించారు, దానికి 10 లక్షల వరకు. నేల నుంచి ఎత్తులో పలకల అంతస్తు, కింద పెంట రాలే ఖాళీ, చుట్టూ ఇనుప జాలీ. ఫొటోలో చూడ్డానికి బాగుంటుంది. యూట్యూబ్‌లో ఇంకా బాగుంటుంది.

షెడ్డు ఖర్చు ఒకసారి అయిపోతుంది. మేత ఖర్చు రోజూ ఉంటుంది. మేకల్ని బయటికి తోలకుండా కట్టేసి మేపితే మొత్తం ఖర్చులో 60 నుంచి 70 శాతం మేతకే పోతుందని పశుపోషణ పాఠాలన్నీ చెబుతాయి. అందులో ఖరీదైన భాగం ప్రోటీన్. షెడ్డు కట్టి, మేకల్ని దింపి, ఆ తర్వాత మేత సంగతి చూసుకుందామనుకున్నవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. అధికారులు, బ్యాంకులు షెడ్డు కొలతల్ని చూసినంత శ్రద్ధగా పశుగ్రాసం చేనుని చూడాలి. రాయితీ దరఖాస్తులో మొదటి పేజీ మేతదే కావాలని నా అభిప్రాయం.

> లెక్కల్లో మేక
> 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు 14.89 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55 లక్షలు. గొర్రెలు మన రాష్ట్రంలో అంతకు మూడు రెట్లు పైనే, దాదాపు కోటీ 76 లక్షలు. గొర్రెల్లో తెలంగాణ దేశంలో మొదటిది, మనది రెండోది.

వరుసలో ఆఖరున నిలబడేది

చెక్క ఎందుకు ప్రియం అన్న ప్రశ్నకు జవాబు జంగారెడ్డిగూడెంలో దొరకదు. డెల్టాలోకి దిగితే దొరుకుతుంది.

కొల్లేరు చుట్టూ చేపల చెరువులున్నాయి. అక్కడ కర్రలకు చిల్లుల సంచులు వేలాడదీసి, వాటిలో నూనె తీసిన తవుడు నింపి చేపలకు మేత పెడతారు. అందులో వేరుశనగ చెక్క, పత్తి చెక్క కూడా కలుపుతారు. చేపల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రం మనది, ఆ చేపల కడుపులోకి వెళ్లే తవుడు లారీలకు లారీలు. భీమవరం వైపు రొయ్యల మేతకు సోయా చెక్క కావాలి. తణుకు, అనపర్తి కోళ్లకు మొక్కజొన్న, సోయా చెక్క కావాలి. వీళ్లంతా టన్నుల్లో కొంటారు, అప్పు మీద కొంటారు, ఫోన్ మీద కొంటారు. మేకల మనిషి అయిదు కిలోలకు సంచి పట్టుకుని వస్తాడు.

చెక్క కొట్టు దగ్గర ఈ మాటలు తరచూ వినబడతాయి.

"చెక్క ఎంతండీ?"

"ఏదండీ? వేరుశనగా, పత్తా? గేదెలకాండీ?"

"కాదండీ, మేకలకి."

"మేకలకి చెక్కెందుకండీ బాబూ, ఆకు తింటాయి కదండీ!"

కొట్టాయన సరుకు అమ్ముకోవాల్సిన మనిషి. ఆయన నోటే సగం నిజం వచ్చింది. మిగతా సగం కాసేపట్లో చూద్దాం.

చెక్క ధర మన చేతిలో లేదు, మన జిల్లా చేతిలోనూ లేదు. 2021లో సోయా చెక్క ఎంత పెరిగిందంటే, ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత బియ్యం, మొక్కజొన్నల నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలు పెరిగి, వాటి పిప్పి దాణా మార్కెట్‌లోకి పోటెత్తడంతో సోయా చెక్క ధర పడింది. ఢిల్లీలో పెట్రోలులో ఇథనాల్ ఎంత కలపాలో నిర్ణయిస్తే మెట్టలో మేక దాణా ధర మారుతోంది. రెండు మూడు మేకలతో బతికే ఇల్లు ఈ ఎగుడుదిగుళ్లను తట్టుకోలేదు.

మేపే చోటు ఏమైంది?

ఒకప్పుడు ఈ ప్రశ్నలేవీ లేవు. మేక పొద్దున వెళ్లేది, సాయంత్రం కడుపు నిండి వచ్చేది. రేగు, తుమ్మ, మర్రి, రావి, జువ్వి, పొదలమీది తీగలు, ఒక్కోటీ రెండేసి గుటకలు. గొర్రె తల దించి గడ్డి మేస్తుంది, మేక తల ఎత్తి ఆకు మేస్తుంది. ఆకులో మాంసకృత్తులు గడ్డిలో కన్నా ఎక్కువ. మేక తన ప్రోటీన్ తానే ఏరుకునేది, కాపరికి ఆ పేరు తెలియాల్సిన అవసరమే రాలేదు.

ఇప్పుడు మెట్ట మారింది. పొదలున్న బీళ్లు ఆయిల్‌పామ్ తోటలయ్యాయి. తోటలో మొక్కల మధ్య కోకో వేశారు. కోకో లేత మొక్కను మేక ఒక్కసారి కొరికితే రైతుకు ఏడాది శ్రమ పోతుంది, అందుకని కంచె వేస్తాడు. అది ఆయన తప్పు కాదు. జంగారెడ్డిగూడెంలో రెండు పొగాకు వేలం కేంద్రాలు నడుస్తున్నాయి. పొగాకు చేను మేకకు ఏమీ ఇవ్వదు. మొక్కజొన్న కోశాక మిగిలే చొప్పలో పీచే తప్ప ప్రోటీన్ నామమాత్రం.

పోలవరం ముంపు నుంచి కొండరెడ్లు, కోయలు కొండ దిగి వచ్చారు. జంగారెడ్డిగూడెం మండలం తాడువాయిలో పెద్ద పునరావాస కాలనీ కట్టారు. సిమెంటు ఇళ్లు, వరుస వీధులు. అడవిలో ఉన్నప్పుడు మేకకు మేత ఖర్చు లేదు. వేసవి మొదట్లో రాలిన విప్పపువ్వు దగ్గర నుంచి తుమ్మకాయ దాకా అన్నీ కాలికి తగిలేవి. కాలనీలో వీధి చివర ఎవరిదో చేను మొదలవుతుంది. ఇంటికి బదులు ఇల్లు, పొలానికి బదులు పొలం లెక్కలో చేరాయి. మేక మేసిన అడవికి బదులు ఏ కాగితం మీదా రాయలేదు.

కిలో ఆకు, గుప్పెడు చెక్క

ఇప్పుడు కొట్టాయన చెప్పకుండా వదిలేసిన సగం నిజం చూద్దాం.

ఇరవై కిలోల బరువున్న ఎదిగే పిల్ల రోజుకు తడి తీసేసిన లెక్కన 800 గ్రాముల దాకా మేత తింటుంది. అందులో 80 నుంచి 100 గ్రాముల ప్రోటీన్ ఉంటేనే కండ పడుతుంది. అంతకు తగ్గితే మేక బతుకుతుంది, పెరగదు. నెలలు గడుస్తాయి, పొట్ట పెద్దదవుతుంది, వెన్నెముక చేతికి తగులుతూనే ఉంటుంది. వరిగడ్డి, చొప్ప మీద ఉన్న మందల్లో కనిపించేది ఇదే.

150 గ్రాముల వేరుశనగ చెక్కలో దాదాపు 60 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఒక కిలో పచ్చి సుబాబుల్ ఆకులోనూ, పుల్లలు తీసేస్తే, ఇంచుమించు అంతే ఉంటుంది. చెక్క కొనాలి. ఆకు గట్టుమీద పెరుగుతుంది, నరికిన చోట మళ్లీ చిగురిస్తుంది. మేక విషయంలో నేను నమ్మే మాట ఈ లెక్కలోనే ఉంది: కోడికీ రొయ్యకీ చెక్క తప్పదు, మేకకు తప్పుతుంది. దాని మొదటి పొట్టలో కోట్లాది సూక్ష్మజీవులున్నాయి. అవి ఆకులోని మాంసకృత్తుల్ని విడగొట్టి, తమ ఒంట్లో కొత్తగా కట్టుకుంటాయి. చివరికి మేకకు అరిగేది ఆ సూక్ష్మజీవులే. అందువల్ల నాసి ఆకుని కూడా మంచి మాంసంగా మార్చగల జీవి అది. ఆ శక్తిని పక్కన పెట్టి దాన్ని సోయా చెక్క కోసం కోడితో పోటీ పెట్టడం డబ్బు దండగ.

హవాయి మేకలు చెప్పిన సంగతి

సుబాబుల్ మనకు కొత్త చెట్టు కాదు. రాజమండ్రి కాగితం మిల్లుకూ, గోదావరి పైన సారపాక మిల్లుకూ కట్టె కోసం రైతులు దాన్ని ఏళ్ల తరబడి వేస్తున్నారు. కట్టె లారీ ఎక్కుతుంది. ఆకు చాలాసార్లు చేలోనే ఎండిపోతుంది. ఎండిన ఆకులో నూటికి ఇరవైకి పైగా ప్రోటీన్ ఉంటుంది.

అయితే అందులో మైమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంది. అదే పనిగా సుబాబుల్ పెడితే బొచ్చు రాలుతుంది, థైరాయిడ్ గ్రంథి వాస్తుంది, ఎదుగుదల ఆగుతుంది. ఆస్ట్రేలియాలో పశువులకు ఇదే జరిగేది. అక్కడి శాస్త్రవేత్త రేమండ్ జోన్స్‌ను ఒక సందేహం వదల్లేదు: హవాయి దీవుల్లో మేకలు సుబాబులే తిని బతుకుతుంటే వాటికేమీ కావడం లేదెందుకని? 1980ల మొదట్లో జవాబు దొరికింది. హవాయి, ఇండోనేషియా మేకల పొట్టలో ఆ విషాన్ని విరిచేసే బాక్టీరియా ఉంది, ఆస్ట్రేలియా పశువుల్లో లేదు. మేక పొట్టలోని ద్రవాన్ని అక్కడి పశువులకు ఎక్కిస్తే అవీ తట్టుకున్నాయి. 1992లో ఆ బాక్టీరియాకు జోన్స్ పేరు కలిపి సినర్జిస్టెస్ జోనెసీ అని పెట్టారు. ప్రపంచంలో పెద్ద పెద్ద పశుక్షేత్రాలను ఒడ్డెక్కించింది మేక పొట్టలో దొరికిన సూక్ష్మజీవి.

మన రైతు ఆచరించాల్సింది చిన్నది. పచ్చిమేతలో మూడో వంతు దాటకుండా సుబాబుల్ పెట్టాలి, మిగతాది వేరే ఆకు, గడ్డి. అలవాటు లేని మేకలకు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.

ఆ మిగతా ఆకులకూ మనకు కొదవలేదు. తమలపాకు తోటల్లో తీగ పాకించడానికి వేసే అవిశను మేక ఇష్టంగా తింటుంది, ప్రోటీన్‌లో అది సుబాబుల్‌కు తీసిపోదు. మునగాకు కూడా అంతే, అయితే కాయ కోసం వేసిన చెట్టు వేరు, ఆకు కోసం దగ్గర దగ్గరగా విత్తి కోసుకునే చేను వేరు. గ్లిరిసిడియా కోకో తోటల్లో నీడకూ, కంచెకూ పనికొస్తుంది. దాని వాసనకు మేక మొదట మూతి తిప్పుకుంటుంది. ఒక పూట వాడబెట్టి వేస్తే అలవాటవుతుంది. చెట్టు వద్దనుకునేవాళ్లకు దశరథ గడ్డి ఉంది. పేరుకి గడ్డే కానీ పప్పుజాతి మొక్క. విత్తాక మూడు నెలలకు మొదటి కోత, ఆ తర్వాత నెలా పదిహేను రోజులకోసారి. నీరుంటే ఏళ్ల తరబడి కోయవచ్చు. డెల్టా వైపు వాళ్లకు వరి కోసిన చేలో చల్లే పిల్లిపెసర, జనుము ఉండనే ఉన్నాయి. పచ్చిరొట్టగా దున్నేసే ముందు కొంత కోసి ఎండబెట్టుకుంటే వేసవికి కలిసొస్తుంది.

మా పెద్దవాళ్లకు ఈ తెలివి కొత్త కాదు. ఉలవలు ఉడికించి ఎద్దులకు పెట్టి, వార్చిన నీటితో మనం చారు కాచుకున్నాం. నువ్వుల తెలకపిండి పాడిగేదెకూ పెట్టారు, బాలింతకు కూరగానూ వండిపెట్టారు. పప్పు, చెక్క ఎవరికి ఎప్పుడు అవసరమో తెలిసిన ఇళ్లవి.

ఆయిల్‌పామ్ తోట ఇవ్వగలిగింది

మేకల బీడును ఆక్రమించిన ఆయిల్‌పామే మేకకు కొంత తిరిగి ఇవ్వగలదు. గెలల్లోని గింజ పగలగొట్టి, లోపలి పప్పు నుంచి నూనె తీశాక మిగిలేది పామ్ గింజ చెక్క. అందులో 14 నుంచి 17 శాతం ప్రోటీన్ ఉంటుంది. వేరుశనగ చెక్కలో సగం కూడా కాదు, కానీ తవుడు కంటే మెరుగు. మలేషియాలో పశువుల దాణాకు ఆధారమే ఇది. అక్కడి సిఫారసుల్లో మేకల దాణాలో 20 నుంచి 50 శాతం దాకా కలపమంటారు. గొర్రెలకు మాత్రం 30 దాటనివ్వరు. కారణం రాగి. ఈ చెక్కలో రాగి ఎక్కువ, అది గొర్రె కాలేయంలో పేరుకుని ప్రాణం తీస్తుంది. మేక చాలావరకు తట్టుకుంటుంది. గొర్రెలూ మేకలూ కలిపి ఒకే తొట్టిలో పెట్టేవాళ్లు ఈ తేడా మరిచిపోకూడదు.

జంగారెడ్డిగూడేనికి ఒక వైపు పెదవేగిలో, సరిహద్దు దాటితే అశ్వారావుపేటలో ఆయిల్‌పామ్ ఫ్యాక్టరీలున్నాయి. దేశంలో ఆయిల్‌పామ్ మీద పరిశోధనకని పెట్టిన భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నదీ పెదవేగిలోనే. ఫ్యాక్టరీ ఇంత దగ్గరున్న ఊళ్లలో మేక దాణాలో ఈ చెక్క మామూలు సరుకు కావాలి. అందుకు చిన్న సంచుల్లో అమ్మే ఏర్పాటు ఉండాలి, దాణా కలిపి చూపించేవాళ్లు ఉండాలి. ఆయిల్‌పామ్ రైతు సంఘాలూ పశుసంవర్ధక శాఖా కలిసి కూర్చుంటే ఇది పెద్ద పని కాదు.

కోకో కాయ పెంకు మీద కూడా చాలామందికి ఆశ ఉంది. తోటలో గుట్టలుగా పడి ఉంటుంది కదా అని. దాంట్లో పీచు ఎక్కువ, ప్రోటీన్ తక్కువ, పైగా థియోబ్రోమిన్ అనే పదార్థం మోతాదు మించితే కీడు చేస్తుంది. ఎండబెట్టి కొద్దిగా కలిపితే కడుపు నింపడానికి పనికొస్తుంది. ప్రోటీన్ కోసమైతే దాని జోలికి వెళ్లనక్కరలేదు.

> ఇంట్లో కలుపుకునే దాణా (నూరు కిలోలకు)
> మామూలు పద్ధతి: మొక్కజొన్న నూక 40, వేరుశనగ చెక్క 25, తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. ప్రోటీన్ సుమారు 18 శాతం.
> వేరుశనగ చెక్క లేకుండా: మొక్కజొన్న నూక 35, పామ్ గింజ చెక్క 20, బియ్యం డీడీజీఎస్ (ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి) 15, తవుడు 27, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. ప్రోటీన్ సుమారు 16 శాతం.
> ఏ దాణా అయినా వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయాలి.

అద్భుతాల సంత

అజొల్లా గురించి వినని రైతు లేడు. కన్యాకుమారి వివేకానంద కేంద్రం వాళ్లు ప్లాస్టిక్ షీటు గుంతలో చవకగా పెంచే పద్ధతిని దేశమంతా తిప్పారు. మంచి మొక్కే. ఎండబెట్టి తూస్తే అందులో ప్రోటీన్ 20 శాతం దాటుతుంది. ప్రచారమంతా ఆ అంకె మీదే నడిచింది. కానీ గుంతలోంచి తీసిన అజొల్లాలో నూటికి 94 పాళ్లు నీళ్లే. కిలో పచ్చి అజొల్లాతో మేకకు అందేది 13 గ్రాముల ప్రోటీన్. ఒక కిలో సుబాబుల్ ఆకుకు సమానం కావాలంటే నాలుగున్నర కిలోల అజొల్లా తీయాలి, అదీ ఒక్క పిల్లకు. ఏప్రిల్, మే ఎండల్లో, మేతకు అసలు కటకట వచ్చినప్పుడే, నీడ లేకపోతే అది మాడిపోతుంది. పెరట్లో నాలుగు కోళ్లకు అజొల్లా గుంత పెట్టుకోండి. యాభై మేకల షెడ్డుకు దాన్ని నమ్ముకోకండి.

డీడీజీఎస్ అని సంచుల మీద రాసి ఉండేది ఇథనాల్ తీశాక మిగిలి, ఎండిన పిప్పి. మొక్కజొన్న నుంచి వచ్చినదాంట్లో ప్రోటీన్ ముప్ఫై శాతానికి కొంచెం అటూఇటూ, బియ్యం నుంచి వచ్చినదాంట్లో నలభై దాటుతుంది. చవక. అందుకే దాణా కంపెనీలు దానివైపు తిరిగాయి. చిక్కల్లా ఒక లోడుకూ ఇంకో లోడుకూ పోలిక ఉండదు. మాడిన రంగు, పుల్లటి వాసన ఉంటే తీసుకోకూడదు. తెలియని కొట్లో ఒకేసారి పది బస్తాలు కొనకూడదు.

ఇక పురుగులు. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాను వంటింటి వ్యర్థాల మీద పెంచితే, ఎండిన బరువులో నలభై శాతం దాకా ప్రోటీన్ వస్తుంది. చేపకు, కోడికి అది చక్కటి మేత. మేకకు అక్కరలేదు. ఆకు తినే పశువుకు జంతువుల ప్రోటీన్ పెడితే ఏమవుతుందో ఒకసారి చూశాం. బ్రిటన్‌లో పశువుల మాంసం, ఎముకల పొడి పశువులకే తినిపించినందువల్ల పిచ్చి ఆవు వ్యాధి పాకింది; 1988లో ఆ మేతను నిషేధించారు. మన ఆహార భద్రతా సంస్థ నిబంధన కూడా, కోళ్లు, పందులు, చేపలు మినహా, పాలూ మాంసమూ ఇచ్చే పశువులకు ఆవు, పంది జాతుల మాంసం, ఎముక పొడి పెట్టవద్దంటోంది. ఆకు తినే జీవికి ఆకే ఇద్దాం.

> చేతులారా చంపేవి
> ఆముదం చెక్క: పొలానికి ఎరువు. మేక తింటే ప్రాణాంతకం. ఎరువు బస్తా, దాణా బస్తా ఒకే గదిలో ఉంచకండి.
> బూజు పట్టిన వేరుశనగ చెక్క: 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్లు ఇలాంటి చెక్క తినే చచ్చిపోయాయి. అఫ్లటాక్సిన్ అనే విషం అప్పుడే బయటపడింది. వానాకాలంలో నెలకు సరిపడా కన్నా ఎక్కువ చెక్క నిల్వ పెట్టకండి.
> లేత జొన్న, నీళ్లు లేక వాడిన జొన్న: నాము తగులుతుంది. పూత వచ్చేదాకా మేపకండి.
> యూరియా కలిసిన నీళ్లు: ఎరువు కలిపిన బకెట్ కడిగి బోర్లించండి.
> పెళ్లి భోజనాల అన్నం: జాలిపడి పెడతారు. కడుపులో ఆమ్లం పెరిగి తెల్లారేసరికి మేక లేవదు.

ఎవరికి, ఎప్పుడు?

చెక్క అసలు వద్దని కాదు. మొదట్లో చూసిన ఇంటావిడ తవుడు, చెక్క తల్లిమేకలకే పెట్టింది. తల్లిమేకల విషయంలో ఆమె నిర్ణయం శాస్త్రానికి సరిపోతుంది. మేక చూడికాలం అయిదు నెలలు. కడుపులో పిల్ల పెరుగుదలలో ఎక్కువ భాగం ఆఖరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. అప్పుడు తల్లికి ప్రోటీన్ లోపిస్తే పిల్ల చిన్నదిగా పుడుతుంది, పాలు చాలవు, కవలల్లో ఒకటి పోతుంది. తర్వాత పాలిచ్చే రెండు నెలలు. ఆ తర్వాత పాలు మానిన పిల్లకు మూడో నెల నుంచి ఆరో నెల దాకా. ఈ మూడు సమయాల్లో పెట్టిన చెక్క ఒంట పడుతుంది. ఖాళీగా ఉన్న ఆడమేకకు, ఎదుగుదల ఆగిన పెద్ద పోతుకు రోజూ చెక్క పెట్టడం వల్ల వచ్చేది కొవ్వు.

ఒక లెక్క వేద్దాం. పాలు మానిన పిల్లకు రోజుకు 200 గ్రాముల దాణా అదనంగా పెడితే, మేపుతో వచ్చే పెరుగుదలకు రోజుకు మరో 40 గ్రాములు కలుస్తాయనుకుందాం. మూడు నెలల్లో దాణా 18 కిలోలు, పెరిగిన బరువు 3 కిలోల 600 గ్రాములు. దాణా కిలో 30 రూపాయలైతే ఖర్చు 540. బతికున్న మేక కిలో 400 అనుకుంటే రాబడి 1,440. లాభమే. కానీ ఆ లాభం మేకను కాటా మీద తూస్తేనే కనబడుతుంది. మెట్టలో ఎక్కువ మేకలు ఇప్పటికీ చూపు బేరం మీదే పోతాయి. వ్యాపారి వీపు మీద చెయ్యి వేసి, నడుం పట్టి, ఒక అంకె చెబుతాడు. మూడున్నర కిలోలు ఆ చేతికి తగిలినా నోటికి రాదు. పండగ ముందో, ఆసుపత్రి ఖర్చు పడ్డప్పుడో అమ్ముకునే ఇల్లాలికి బేరమాడే వ్యవధి ఉండదు. గ్రామ సంఘానికో, డ్వాక్రా గ్రూపుకో ఒక వేలాడే కాటా ఉంటే దాణా రాయితీ కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

మేత మంచిదైనా టీకా తప్పదు. కొత్తగా బలమైన దాణా మొదలుపెట్టిన మందల్లో చిటుకు రోగం విరుచుకుపడుతుంది. బాగా తింటున్న పిల్లే ముందు పోతుంది. వానలకు ముందే పశువైద్యశాలలో అడిగి టీకా వేయించాలి.

గట్టు మీద ఖాళీ ఉండగానే

రెండెకరాల రైతుకు మేత కోసం పొలం వదలడం కుదరదు. భూమి లేని ఇంటికి అసలు కుదరదు. కానీ గట్లున్నాయి, ఆయిల్‌పామ్ తోటల అంచులున్నాయి, ఎర్రకాలువ వెంట, చెరువుగట్ల వెంట పంచాయతీ భూములున్నాయి. తాడువాయి కాలనీ వీధుల పక్కన ఖాళీ ఉంది. నీడకూ అందానికీ మొక్కలు నాటేచోట అవిశ, సుబాబుల్, గ్లిరిసిడియా నాటవచ్చు. ఉపాధి హామీ పనుల్లో పశుగ్రాసం పెంచిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. దాన్ని గడ్డి దగ్గర ఆపకుండా మేక తినే చెట్ల దాకా తేవాలి. పునరావాస కాలనీలకు ఇంటింటికీ మొక్కలిచ్చి, ఉమ్మడిగా మేత చెట్లు పెంచుకునే చోటు చూపించడం అధికారుల బాధ్యత. అడవి పోగొట్టుకున్నవాళ్లకు అది దయ కాదు, బాకీ.

రైతులకు చెప్పేది ఒకటే. షెడ్డు కట్టాలనుకుంటున్నవాళ్లు ఒక ఏడాది ముందు చెట్లు నాటండి. సుబాబుల్ గింజల పైపొర గట్టిది, అలాగే వేస్తే సగం మొలవవు. మరిగి కొంచెం చల్లారిన నీళ్లు గింజల మీద పోసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు విత్తండి. తొలకరికి వేస్తే మరుసటి వేసవికి మొదటి కొమ్మ దోటికి అందుతుంది. మేకలు ఆ తర్వాత కొనండి.